చిన్నమ్మాయి నాటిన మందారం

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక సంగతి నా కడుపులో ఉండిపోయింది. మా అత్తగారు పోయేటప్పుడు ఆవిడ చెవిలోనైనా చెబుదామనుకున్నాను. చెప్పలేదు. మా ఇంటాయన పోయేటప్పుడు మంచం పక్కన కూర్చుని నోరు తెరిచాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, వినపడదేమోనని ఊరుకున్నాను. అది కూడా అబద్ధమే. వినపడుతుందేమోనని ఊరుకున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు.

నాకు రాయడం వచ్చి మూడేళ్ళే అయింది. యాభై దాటాక అక్షరాలు దిద్దాను. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని రాయాలి. ఒక విధంగా అదే మేలు. నోటితో అయితే, సిగ్గుపడవలసిన చోటల్లా గబగబా దాటిపోయేదాన్ని.

మాది రాజమహేంద్రవరం. గోదావరి గట్టుకు నాలుగిళ్ళ అవతల మా ఇల్లు. పెరట్లో వంటింటి చూరు కింద వరసగా కుండీలుండేవి. మరువం, నందివర్ధనం, గులాబీ, మందారం. పెద్ద కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఏడాదికే నేను వాటిని పెంచడం మొదలుపెట్టాను. వీధిలో నాకో పేరు వచ్చింది. నా చేత్తో ఏ కొమ్మ గుచ్చినా బతుకుతుందని. హస్తవాసి అంటారు కదా, అది. ఎదురిళ్ళ వాళ్ళూ పక్కిళ్ళ వాళ్ళూ కొమ్మా కుండీ పట్టుకుని వచ్చేవారు, "మీ చేత్తో గుచ్చి ఇవ్వండి" అని. నాకు రూపం లేదు. పాట రాదు. పుట్టింటివాళ్ళు గొప్పవాళ్ళు కారు. ఈ ఒక్క పేరే నా సొంతం.

హస్తవాసి ఏమీ కాదని నాకు తెలుసు. అది పని. వర్షాలు పడ్డాక చిటికెన వేలంత లావు కొమ్మ చూసుకోవాలి. కణుపు కింద ఏటవాలుగా కోయాలి. పైకొన ఎండిపోకుండా పేడ ముద్ద పెట్టాలి. ఒండ్రుమట్టిలో సగం ఇసుక కలపాలి. చూరు నీడన పెట్టి, నీళ్ళు పొయ్యడంలో చెయ్యి బిగపట్టుకోవాలి. అంతే. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. నా చేతిలోనే ఏదో ఉందని వాళ్ళు అనుకుంటే అనుకోనిచ్చాను. పెద్ద తప్పు ఇక్కడే మొదలైందా? ఏమో. అప్పుడది తప్పులా కనపడలేదు.

మా మరిదికి పెళ్ళయింది. చిన్న తోడికోడలు కాపురానికి వచ్చింది. ఆమె పేరు రాయను. ఇంట్లో అందరం చిన్నమ్మాయి అనేవాళ్ళం. పదిహేనేళ్ళ పిల్ల. వచ్చిన రోజు నుంచీ నా కొంగు పట్టుకుని తిరిగింది. మొక్కల పని నేర్పమంది. ఎవరికీ చెప్పని సంగతులన్నీ ఆమెకు చెప్పాను. ఎందుకు చెప్పానంటే, ఆమె అడిగిన తీరు అలాంటిది. ఆమె మీద నాకు ప్రేమే ఉండేది. ఇది కూడా రాయాలి. లేకపోతే నేను చేసిన పని మీకు తేలిగ్గా అర్థమైపోతుంది, అది న్యాయం కాదు.

నేర్చుకుంది. నన్ను మించిపోయింది. గులాబీ కొమ్మలు నా చేతిలో సగం పోయేవి, ఆమె చేతిలో ఒక్కటి పోయేది కాదు. ఒకనాడు ఎదురింటి సుబ్బమ్మగారు కొమ్మ తెచ్చారు. అలవాటుగా చెయ్యి చాచాను. ఆవిడ కొమ్మను వెనక్కి తీసుకున్నారు.

"మీరేమీ అనుకోకండి. ఈసారి చిన్నమ్మాయి చేత గుచ్చించండి. ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుందంటున్నారు కదండీ!"

"అయితే ఇంట్లో చీపురు కూడా పట్టుకు రావలసింది" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు లోపలికి వెళ్ళి ఎక్కడో గుచ్చుకుని ఆగిపోయింది.

నాకు ముగ్గురు పిల్లలు. ఆమెకు లేరు. కాపురానికి వచ్చి అయిదేళ్ళయినా కడుపు పండలేదు. నాకున్నది ఆమెకు లేదు. ఆమెకున్నది ఒక్క ఆ పేరే. దాన్ని కూడా ఆమెకు ఉండనివ్వలేకపోయాను. ఎలాంటి మనిషిని నేను?

పెద్దమామగారు, అంటే మా మామగారి అన్నగారు, మా మరిదికి రెండో పెళ్ళి చేయాలని పట్టుబట్టారు. పిల్లను కూడా చూసి ఉంచారు. మామగారు లేని ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. మా అత్తగారికి చిన్నమ్మాయి అంటే ప్రాణం. ఏం చేయాలో తోచక, ఆవిడ తన పుట్టింటి ఆనవాయితీ ఒకటి బయటికి తీశారు. పిల్లలు లేని కోడలి చేత శుక్రవారం నాడు కొత్త కుండీలో మందారపు కొమ్మ నాటించాలి. నలభై రోజులకు అది నిలదొక్కుకుంటే ఆమె కడుపు పండుతుందని గుర్తు. ఎండిపోతే లేదని గుర్తు. పెద్దమామగారు ఒప్పుకున్నారు. అలాంటి వాటి మీద ఆయనకు గురి.

ఆ సాయంత్రం బియ్యం చెరుగుతూ అత్తగారు నాతో మెల్లిగా అన్నారు. "మందారం ఎవత్తి చేతిలోనైనా బతుకుతుందే. దీని చేతిలో బతకదూ? ఆ ముసలాయన నోరు మూయించడానికి నాకింతకంటే దారి కనపడలేదు."

ఆవిడ ఆ పరీక్ష పెట్టింది ఆ పిల్లను గెలిపించడానికి. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. తెలిసే చేశాను. ఇది గుర్తుంచుకోండి.

చిన్నమ్మాయి నాటింది. పదిహేను రోజులకు రెండు చిగుళ్ళు వచ్చాయి. అత్తగారి ముఖం విప్పారింది. కానీ మొక్కలు పెంచినవాళ్ళకు తెలుసు, చిగురు చూసి నమ్మకూడదు. కొమ్మలో ఉన్న పసరుతోనే చిగురు వస్తుంది. కింద వేళ్ళు లేకపోతే ఆ చిగురు నాలుగు రోజుల్లో రాలిపోతుంది.

ఇరవై రోజులు దాటాక ఆమె బయట చేరింది. నెలకు మూడు రోజులు ఆడది మొక్కల ఛాయలకు పోకూడదని మా ఇళ్ళలో పట్టింపు. నీడ పడినా మొక్క వాడిపోతుందంటారు. ఆమె పెరటి కొట్టు గదిలో కూర్చుని అక్కడి నుంచే నన్ను కేకేసింది.

"అక్కయ్యా, కుండీకి నీళ్ళు నువ్వే పొయ్యాలి. ఎక్కువ పొయ్యకేం, మొదలు కుళ్ళుతుంది."

"నాకే నేర్పుతున్నావుటే?"

"అయ్యో, నీ దగ్గర నేర్చిందే నీకు అప్పజెబుతున్నాను!"

మొదటి రోజు నీళ్ళు పోశాను. రెండో రోజు పోశాను. మూడో రోజు మధ్యాహ్నం ఇంట్లో అందరూ భోజనాలు చేసి నడుం వాల్చారు. నేను చెంబుతో చూరు కిందికి వెళ్ళాను. వేళ్ళు వేసిందో లేదో చూద్దామనుకున్నాను. అందుకే వెళ్ళానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా అందుకేనా? వేళ్ళు లేకపోతే ఏం చేసేదాన్ని? ఊరుకునేదాన్ని, అదంతట అదే పోయేది. ఉంటే ఏం చేసేదాన్ని? ఆ జవాబు నా దగ్గర అప్పటికే ఉందా? రాస్తూ రాస్తూ ఇక్కడ చాలాసేపు ఆగాను. ఉందనే అనుకుంటున్నాను.

మట్టి తడిగా ఉంది. కొమ్మను రెండు వేళ్ళతో మెల్లిగా పైకి లాగాను. వేళ్ళు వేసింది. కణుపు చుట్టూ నాలుగు. తెల్లగా, ఒక్కొక్కటి వడ్లగింజంత. నేను పెంచిన ఏ కొమ్మకూ అంత ముచ్చటైన వేళ్ళు రాలేదు. ముందు నాకు కలిగింది సంతోషమే. నేర్పినదాన్ని కదా. తరువాత సుబ్బమ్మగారు కొమ్మను వెనక్కి తీసుకోవడం గుర్తొచ్చింది. బొటనవేలి గోటితో నాలుగింటినీ గిల్లేశాను. మొదలుకు ఉన్న పచ్చి బెరడు కూడా చుట్టూ గీరేశాను, మళ్ళీ రాకుండా. కొమ్మను అదే చోట గుచ్చి, మట్టి అదిమి, నీళ్ళు పోసి, చేతులు కడుక్కుని వెళ్ళి పిల్లల పక్కన పడుకున్నాను. నిద్ర పట్టింది కూడా.

నాలుగో రోజు ఆమె తలంటు పోసుకుని వచ్చేసరికి చిగుళ్ళు వేలాడుతున్నాయి. వారం తిరగకుండా కొమ్మ నల్లబడింది. అత్తగారు కుండీ ముందు కూలబడి తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయారు. తాను తవ్విన గోతిలో ఆ పిల్ల పడిందని ఆవిడకు అర్థమైంది. పెద్దమామగారు "దేవుడే చెప్పాడు కదమ్మా, ఇక నేను చెప్పేదేముంది" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నూతి దగ్గర చిన్నమ్మాయి నాతో మాట్లాడింది. ఆ మాటలు ఒక్కటీ పోకుండా గుర్తున్నాయి.

"అక్కయ్యా, మూడో రోజు పొద్దు వాలాక నేను చెంబు కోసం గది గుమ్మం దాకా వచ్చాను. నా నీడ పడిందేమో."

"నీడ అంత దూరం రాదులే."

"వచ్చే ఉంటుంది. లేకపోతే ఎందుకు చస్తుంది, మందారం కదా? పడిందంటావా?"

"ఏమో" అన్నాను.

"నువ్వు మూడు రోజులూ ఓపిగ్గా నీళ్ళు పోశావు. నీ శ్రమ కూడా బూడిదలో కలిపాను" అంది. కళ్ళు తుడుచుకుని, నా బిందె తానే తోడి ఇచ్చింది.

గోటితో చేసిన పని ఒక క్షణంలో జరిగిపోయింది. దాన్ని ఈర్ష్య అనొచ్చు, కళ్ళకు పొర కమ్మిందనొచ్చు. ఆ "ఏమో" అన్నప్పుడు నా కళ్ళకు ఏ పొరా కమ్మలేదు. ఆమె ముఖం స్పష్టంగా కనపడుతూనే ఉంది. నీడ పడలేదే, నేనే చేశాను అంటే అంతటితో పోయేది. నా ముఖాన నలుగురూ ఉమ్మేసేవారు. ముగ్గురు పిల్లల తల్లిని, నన్ను ఎవరూ ఇంట్లోంచి పంపేవారు కాదు. నాకు పోయేది పరువు. ఆమెకు పోయేది బతుకు. ఆ లెక్క అప్పుడే నాకు తెలుసు. తెలిసే "ఏమో" అన్నాను.

నెల తిరగకుండా ఆమెను పుట్టింటికి పంపారు. మళ్ళీ పిలిపిస్తామన్నారు. వాళ్ళ అన్నగారు వచ్చి కాలవ మీద పడవలో తీసుకువెళ్ళాడు. పిలిపించలేదు. మాఘంలో మా మరిది రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆ రెండో ఆవిడకు కూడా పిల్లలు కలగలేదు. మా మరిది చేత మాత్రం ఎవరూ కొమ్మ నాటించలేదు.

చాలా ఏళ్ళకు ఆమె దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. అన్నగారి చేత రాయించింది. తపాలా బంట్రోతు అరుగు మీద నిలబడి అందరికీ వినపడేలా చదివాడు. అందరి క్షేమం అడిగింది. చివర నాకొక మాట. "అక్కయ్యా, నేను ఇక్కడ మొక్కలు నాటను. అన్నయ్య పిల్లలు అడిగినా నాటను. ఈ చేత్తో ఇంకో ప్రాణం తీయడం ఎందుకు?"

దానికి జవాబు ఎవరి చేత రాయించను? ఎవరి చేత రాయించినా ముందు వాళ్ళకు చెప్పాలి కదా. మిషను బడి పంతులమ్మగారు ఒకావిడ వీధిలో ఆడవాళ్ళకు చదువు చెప్పడానికి వచ్చేవారు. నాకూ చెప్పమని అడిగాను. కాటికి కాళ్ళు చాచుకుని ఇప్పుడు ఓనమాలేంటని ఇంటిల్లిపాదీ నవ్వారు. దిద్దాను. ఏడాదిన్నరకు జాబు రాయడం వచ్చింది. ఆమెకు జాబు మొదలుపెట్టాను. చింపాను. మళ్ళీ రాశాను. నీడ సంగతి దాకా వచ్చి చింపేదాన్ని. అలా ఇంకో ఏడాది గడిచింది. ఆమె పోయిందని కబురు వచ్చింది. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయని నేను అనలేను. వచ్చాక ఏడాది పాటు ఆమె బతికే ఉంది.

ఇక ఎవరికీ చెప్పనక్కరలేదనుకున్నాను. మొన్న శ్రావణంలో ఒక అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చింది. చిన్నమ్మాయికి మేనకోడలు. ఈ ఊరికే కాపురానికి వచ్చిందట. మేనత్త నన్ను తలుచుకోని రోజు లేదని చెప్పి కాళ్ళకు దండం పెట్టింది. ఏమివ్వాలో తెలియక మరువం రెమ్మలు కోసి ఇవ్వబోయాను, కుండీలో గుచ్చుకోమని. ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దండి. మా ఇంటి ఆడపిల్లల చేతిలో కొమ్మ బతకదండి. అత్త చెప్పేది."

"నువ్వెప్పుడైనా నాటి చూశావా?"

"లేదండి. చూసి, అది కాస్తా చస్తేనో? నాకు పెళ్ళయి మూడేళ్ళండి, ఇంకా ఏమీ లేదు. మా అత్తగారికి ఈ కొమ్మల సంగతి తెలియదండి. మీరు చెప్పకండేం."

చెప్పనన్నాను. అసలు సంగతి కూడా చెప్పలేకపోయాను. నాలుక మీదికి వచ్చింది, మింగాను. ఆ పిల్ల చక్కెరా కొబ్బరి ముక్కా తిని, ఈ పత్రిక నెల నెలా తెప్పించుకుని చదువుతానని చెప్పి వెళ్ళింది. అందుకే దీన్ని ఇక్కడికి పంపుతున్నాను.

అమ్మాయీ, నువ్వు చదివితే ఇది మా ఇల్లేనని పోల్చుకుంటావు. మీ అత్త నాటిన మందారం బతికింది. నాలుగు వేళ్ళు వేసింది. ఆమె నీడ దాని మీద పడలేదు. నేను ఆ వేళ్ళు గిల్లేశాను. మీ ఇంటి ఆడపిల్లల చేతుల్లో ఏ దోషమూ లేదు. నిన్ను ఎవరైనా ఏమైనా అంటే దీన్ని పైకి చదివి వినిపించు. మా గుమ్మం ఇక తొక్కకపోయినా నేనేమీ అనుకోను. క్షమించమని నిన్ను అడగను. అది ఇవ్వవలసిన మనిషివి నువ్వు కావు.

రాసేశాను. ఊపిరి చాలా ఏళ్ళ తరువాత లోపలి దాకా పోతోంది.