ఉప్పు వెయ్యని పళ్లెం

"ఈ దీవులన్నిట్లోకీ అందమైనది ఏది, ఎర్మిన్?" అని ప్రతి వారం కొత్తగా పడవెక్కినవాళ్లు అడుగుతారు. ఎర్మినత్త వంటగది కిటికీ వైపు గరిట చూపించి, "ఇందులోంచి చూస్తే అన్నీ ఒకటేనమ్మా" అంటుంది. వాళ్లు నవ్వుతారు. హాస్యమాడిందనుకుంటారు.

ఆ కిటికీ రొట్టెల పెనమంత ఉంటుంది. గుండ్రంగా, చుట్టూ ఇత్తడి కట్టుతో. దాని కింద పొయ్యి, పొయ్యి పక్కన ఎర్మినత్త.

ఆమె పూర్తి పేరు ఎర్మిన్ క్వాషీ. మా కారియకూ దీవిలో లెస్టెర్ ఊరు ఆమెది. 'లేడీ ఆర్డిస్' అనే తెరచాప పడవలో వంట చేస్తుంది. నాదీ అదే ఊరు, అదే పడవ. తాళ్లు లాగడం, లంగరు దించడం, అతిథుల్ని చిన్న పడవలో ఒడ్డుకు చేర్చడం నా పని. ఆమె నాకు చుట్టం కాదు. ఊరంతా అత్త అంటుంది కాబట్టి నేనూ అంటాను.

ఉత్తరాన బెక్వియా నుంచి దక్షిణాన గ్రెనడా దాకా మేం ఆగని రేవు లేదు. ఆగిన ప్రతిచోటా అతిథులు ఒడ్డుకు వెళ్తారు, ఈత కొడతారు, కొబ్బరిచెట్ల నీడలో పడుకుంటారు. ఆకలితో తిరిగొచ్చేసరికి బల్లమీద భోజనం ఉండాలి. అందుకని ఎర్మినత్త దిగదు. ఏ రేవులో ఉన్నామో ఆమె కిటికీలోంచి చూసి చెప్పదు, కుండ ఊగడాన్ని బట్టి చెబుతుంది. మేరో దీవి దగ్గర పులుసు ఎడమ అంచుకు పొర్లుతుందట. టొబాగో కేస్ దీవుల దగ్గర పగడపు దిబ్బ అలల్ని ఆపేస్తుంది కాబట్టి అక్కడైతే కేకు పెట్టుకోవచ్చట. ఆ రెండు చోట్లా ఇసుక ఎలా ఉంటుందో ఆమె కాళ్లకు తెలియదు.

అతిథులు వెళ్లిపోయేటప్పుడు పత్రికలు వదిలేసి పోతారు. నేను చదువుతాను. తెరచాప పడవలో చూడవలసిన అందమైన చోట్లంటూ మా దీవుల బొమ్మలు వేస్తారు. ఇసుక, నీళ్లు, పడవ. ఆ బొమ్మల్లో మనుషులుండరు. ఎవరైనా ఉంటే చేతిలో పళ్లెం పట్టుకుని ఉంటారు.

ఎర్మినత్త వాళ్లమ్మ అడాస్సా ముసలమ్మ చనిపోయినప్పుడు మా పడవ బెక్వియాలో ఉంది. ఎదురుగాలి. అత్త ఊరు చేరేసరికి మట్టి కప్పేశారు. పెట్టె కూడా కంటపడలేదు. ఆ రోజు ఆమె ఏడవలేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. గోరీ చుట్టూ ఒకసారి తిరిగి, "రాయి రోజున నేనుంటాలే" అని గోరీకి చెప్పి వచ్చేసిందట.

మా దీవిలో మనిషిని పాతిపెట్టిన రోజుతో పని ముగియదు. ఏళ్ల తర్వాత, కుటుంబానికి వీలు చిక్కినప్పుడు, పేరు చెక్కిన రాయి తెస్తారు. దాన్ని ఇంట్లో మంచం మీద పడుకోబెట్టి తెల్ల దుప్పటి కప్పుతారు. తర్వాత ఊరంతా కలిసి మోసుకెళ్లి గోరీ మీద నిలబెడతారు. అడాస్సా ఇంట్లో పెద్ద కూతురే, అంటే ఎర్మినత్తే, ఆ రాయి మీద మొదటి నీళ్లు పోసి, చనిపోయినవాళ్లను పేరుపెట్టి పిలవాలి. పెద్దల పళ్లెమూ ఆమే వండి తేవాలి. ఆ పళ్లెంలో ఉప్పు పడకూడదు. పెద్దలు తినేదాకా బతికున్నవాళ్లు దాన్ని ముట్టకూడదు. ఒక మనిషికి రాయి ఒక్కసారే లేస్తుంది.

అడాస్సా రాయి మొన్న ఈస్టర్ తర్వాత సిద్ధమైంది. శనివారం నిలబెట్టాలని చెల్లెలు ఇడోరా కబురు పెట్టింది. ఎర్మినత్త వెళ్లి కెప్టెన్ ఎల్రిక్‌ను అడిగింది. నేను అక్కడే తాడు చుడుతున్నాను.

"శుక్రవారం సాయంత్రానికల్లా మీ కారియకూలో లంగరు వేస్తాం అత్తా. శనివారం పొద్దున్నే దిగిపో. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు ఎల్రిక్. అతనిది బెక్వియా. మంచివాడే. ఎవరడిగినా సరేనంటాడు, అదే అతని జబ్బు.

"మాటేనా?"

"మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మ బతికే ఉందిగా. ఆవిడ మీద ఒట్టుదేముంది, రేపెళ్లి కాళ్లు పట్టుకుంటావు. మా అమ్మ మీద వెయ్యి."

వేశాడు.

ఆ వారం ఎక్కింది హోబర్ట్ గారి కుటుంబం. మిన్నెసోటా నుంచి భార్య, భార్య అక్కగారు, ఆయన. పెద్ద కంఠం, ఎర్రటి ముఖం. ఎవరినైనా రెండో మాటకే పేరుతో పిలుస్తాడు. చెడ్డమనిషి కాదు. చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది.

గురువారం టొబాగో కేస్‌లో తాబేళ్లు కనిపించాయి. శుక్రవారం పొద్దున ఆయన కెప్టెన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎల్రిక్, ఇంత అందమైన చోటు నా జన్మలో చూడలేదు. ఇంకొక్క రోజు ఉందాం."

ఎల్రిక్ వంటగది వైపు చూడలేదు. "తప్పకుండా సార్" అన్నాడు.

లోపల మూత ఒకటి నేలమీద పడింది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

ఆ సాయంత్రం ఎల్రిక్ మెట్లు దిగి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు. "రేపు తెల్లారుతూనే బయలుదేరదాం. గాలి మనదే. మధ్యాహ్నానికి శాండీ దీవి దగ్గర ఆగుతాం. అక్కణ్ణుంచి మీ ఊరు ఎదురుగానే కదా. అబ్బాయి నిన్ను చిన్న పడవలో దింపేస్తాడు. రాయి లేచేది పొద్దు వాలాకేగా?"

"పొద్దు వాలకముందు."

"అదే, అదే."

"నీకు రెండూ అదేలే" అంది అత్త.

శనివారం తెరచాపలు ఎత్తేసరికే ఆమె పొయ్యి వెలిగించింది. మొక్కజొన్న పిండి ముద్ద, ఉండలు చుట్టిన అన్నం, కందికాయల గింజలతో కూర, కోడి ముక్కలు. పడవ ఒక పక్కకు వాలి పరుగెడుతుంటే నడుముతో బల్లకు ఆనుకుని, ఒక చేత్తో గిన్నె పట్టుకుని, ఇంకో చేత్తో పిండి కలిపింది. అతిథుల పులుసు వేరే గిన్నెలో. రుచి చూడటానికి గరిట నా వైపు చాపి, మళ్లీ వెనక్కి లాక్కుంది.

"ఛీ, మర్చిపోయాను. ఇది నీది కాదు. నువ్వింకా చావలేదు."

"చచ్చాక పెడతావా మరి?"

"నీకా? నీకు ఉప్పేసే పెడతాను. నువ్వెక్కడికీ పోకుండా ఇక్కడే పడుంటావు."

ఆ వారమంతా ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

శాండీ దీవి అంటే నీళ్ల మధ్య గీసిన ఇసుక గీత. దానికి ఎదురుగా, నీళ్లకవతల, మా లెస్టెర్. అక్కడి ఇళ్ల కప్పులు లెక్కపెట్టొచ్చు. మేం చేరేసరికి మధ్యాహ్నం ఎప్పుడో దాటింది. లంగరు పడీ పడకముందే హోబర్ట్ గారు ఈత కళ్లద్దాలూ రెక్కల చెప్పులూ చేత పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చిన్న పడవ ఉన్నది ఒక్కటే. ముందు వాళ్లను ఇసుక మీద దింపాలి.

"దింపి వెంటనే వచ్చెయ్యి" అంది అత్త.

దింపాను. వెనక్కి తిరిగేలోపే హోబర్ట్ గారి అరికాలు పగడపు రాతికి గీసుకుంది. చిన్న గీత. మందు రాసుకోవాలన్నాడు. ఆడవాళ్లను అక్కడే ఉంచి ఆయన్ని తీసుకొచ్చాను. ఎల్రిక్ ఆయన కాలికి మందు రాశాడు. నేను చిన్న పడవ ఇంజనుకు పెట్రోలు తేవడానికి ముందు భాగానికి వెళ్లాను.

ఇక్కడే అత్త పొరపాటు చేసింది. మా ఊరి మనిషి మాత్రమే చెయ్యగల పొరపాటు. పెద్దల పళ్లెం నేలమీద పెట్టకూడదు, పొయ్యి దగ్గర ఉంచకూడదు. బల్లమీద పెట్టి, తెల్లగుడ్డ కప్పాలి. ఆమె అలాగే పైన పెద్ద బల్లమీద, ఊరి వైపు తిప్పి పెట్టి, కప్పి, బట్టలు మార్చుకోవడానికి కిందికి దిగింది. మా ఊళ్లో తెల్లగుడ్డ కప్పిన పళ్లాన్ని ఆకలిగొన్న కుక్క కూడా ముట్టుకోదు. కానీ ఆ బల్ల మా ఊళ్లో లేదు. దానిమీద ఏముంటే అది అతిథులదే.

నేను పెట్రోలు డబ్బాతో తిరిగొచ్చేసరికి హోబర్ట్ గారు కట్టుకట్టిన కాలు కుర్చీమీద చాపుకుని తింటున్నాడు. గుడ్డ ఒళ్లో పరుచుకున్నాడు. ఎడమ చేతిలో ఉప్పు సీసా.

మెట్ల మీద అత్త కనిపించింది. తెల్లగౌను, తలకు తెల్లగుడ్డ. ఇన్నేళ్లలో ఆమెను ఏప్రన్ లేకుండా పడవమీద చూడటం అదే మొదలు.

"ఎర్మిన్! ఈ వారంలో నువ్వు చేసినవాటిల్లో ఇదే గొప్పది. ఇన్ని రోజులూ ఎక్కడ దాచావు?" అన్నాడాయన నోటినిండా పెట్టుకుని. "ఉప్పొక్కటి మర్చిపోయావంతే. నేను వేశాలే, అంతటా."

అత్త ఎదురుగా కూర్చుంది.

"ఎవరి పళ్లెం తిన్నారో తెలుసా?"

"నాది కాదా?"

"మా అమ్మది."

ఆయన గబగబా అటూ ఇటూ చూశాడు. "మీ అమ్మగారు కూడా పడవలో ఉన్నారా? చెప్పనే లేదే! పిలువు, కలిసి తిందాం."

"చనిపోయింది సార్."

చెంచా ఆయన చేతిలోనే ఆగిపోయింది. ఎల్రిక్ పరుగెత్తుకొచ్చి విషయం చెప్పాడు. సగం చెప్పాడు, అతనికి తెలిసిన సగం. హోబర్ట్ గారి ముఖంలో ఎరుపు పోయింది. ఎన్నిసార్లు క్షమించమన్నాడో. ఇంకోటి వండరాదా, నేను సాయం చేస్తాను, ఉల్లిపాయలు తరుగుతాను అన్నాడు.

"పిండి లేదు. పొద్దు లేదు" అంది అత్త.

ఎల్రిక్ ఆమె చెవి దగ్గర వంగాడు. "సగం అలాగే ఉందిగా అత్తా. సర్ది పట్టుకెళ్లు. ఎవరికి తెలుస్తుంది?"

"ఉప్పు జల్లాడు."

"కాస్త ఉప్పుకే ఏమైపోతుంది?"

"ఉప్పు తిన్నవాళ్లు బరువెక్కుతారు. ఆ పెద్ద సముద్రం మీద ఎగిరి, తాతలనాటి ఆఫ్రికా చేరలేరు. మా అమ్మ అసలే లావు మనిషి, ఎల్రిక్."

ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చిన మాట నిజం.

ఆమె పళ్లెం తీసుకుని, మిగిలింది సముద్రంలో వంచి, కిందికెళ్లి మంచినీళ్ల కుళాయి తిప్పింది. మా పడవలో గిన్నెలు ఉప్పునీళ్లతోనే కడుగుతాం, మంచినీళ్లు తాగడానికే. నీళ్లు అలా పోతూనే ఉన్నాయి. "అత్తా, నీళ్లు!" అనబోయి ఎల్రిక్ నోరు మూసుకున్నాడు. ఆమె మూడు గుడ్డలతో తుడిచింది. వాసన చూసింది. మళ్లీ కడిగింది.

అప్పుడు ఒడ్డు నుంచి శంఖం వినిపించింది. రాయి ఇల్లు దాటేటప్పుడు ఊదుతానని మా ఊరి బాసిల్ మామ ముందే చెప్పి పంపాడు.

చిన్న పడవలో ఆమె ముందు కూర్చుని ఖాళీ పళ్లాన్ని గుండెలకు ఆనించుకుంది. అలల తుంపర పడకుండా గౌను అంచు దానిమీద కప్పింది. "తొందరగా పోనీరా" అనలేదు. నేనే ఇంజనును తిట్టాను. మా వెనక, ఇసుక మీదున్న ఆడవాళ్లిద్దరూ మేం వాళ్లకోసమే వస్తున్నామనుకుని చేతులూపారు.

ఒడ్డున దిగి, చెప్పులు చేత పట్టుకుని, గోరీల దొడ్డికి పరుగెత్తింది. నేను వెనకాల. రాయి లేచి ఉంది. తెల్లగా, కొత్తగా, దాని మొదట్లో నేల తడిగా. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఇడోరా చేతిలో ఖాళీ చెంబుంది.

"పొద్దు వాలిపోతోందక్కా" అంది ఇడోరా. "ఎంతసేపని చూస్తాం? నేనే పోశాను. నేనే పిలిచాను."

"మంచిపని చేశావు."

"పళ్లెం తెచ్చావా?"

అత్త పళ్లెం చూపించింది.

ఇడోరా ఖాళీ పళ్లాన్నీ, అక్క ముఖాన్నీ చూసింది. "ఇదేమిటే? అమ్మ కూర్చుని పళ్లెం నాకాలా?"

"తినేశారు."

"ఎవరు?"

"అందమైన చోట్లు చూడ్డానికొచ్చినవాళ్లు" అని పక్కనుంచి నేనన్నాను. నన్నెవరూ పట్టించుకోలేదు.

ఇడోరా ఇంటి నుంచి వేరే పళ్లెం తెప్పించింది. అడాస్సా చిన్న కూతురు వండిన పళ్లెం. అత్త దాన్ని ముట్టుకోలేదు. రాయి ముందు మోకాళ్లమీద కూర్చుని తడినేల మీద అరచెయ్యి ఆనించింది. పెదవులు కదిలాయి. పిలవవలసిన పేరు పిలిచేశారు. ఇంకేమంటుందో నాకర్థం కాలేదు. డోళ్లు మొదలయ్యాయి. ఆమె లేచి, "పద, ఆ ఇసుకమీద ఇద్దరున్నారు, చీకటి పడితే భయపడతారు" అంది.

పడవ దిగిపోయేటప్పుడు హోబర్ట్ గారు అత్తను కావలించుకుని కళ్లు తుడుచుకున్నాడు. శాండీ దీవిని ఎప్పటికీ మర్చిపోలేనన్నాడు.

ఆ తర్వాతి వారం నుంచి ఆమె వంటలో ఉప్పు లేదు. చేపలో లేదు, రొట్టెలో లేదు, పులుసులో లేదు. నాలుగో రోజున ఎల్రిక్ కిందికి దిగాడు.

"అత్తా, అంతా చప్పగా ఉందంటున్నారు."

"ఉప్పు బల్లమీదే ఉంది. వేసుకోవడం వాళ్లకొచ్చు. నేను చూశాను."

"అది కాదు. నీకు ఈ పని కావాలా, వద్దా?"

"నా పని వండటం. వండుతున్నా. ఏ రోజు ఏ పళ్లెం పెద్దలకని ఒడ్డుకు పట్టుకెళ్లాలో ముందుగా నాకెవరు చెప్తారు? నువ్వు చెప్తావా? ఒట్టేసి చెప్తావా?"

ఎల్రిక్ తల గోక్కుంటూ మెట్లెక్కిపోయాడు. ఆమె స్థానంలో ఇంకొకరిని వెతుకుతున్నానంటాడు, ఇంకా దొరకలేదంటాడు.

నిన్న మళ్లీ శాండీ దీవి ముందు లంగరు వేశాం. గుండ్రటి కిటికీలోంచి ఇప్పుడు లెస్టెర్ వాలు మీద తెల్లటి చుక్క ఒకటి కనిపిస్తుంది. అత్త భోజనం బల్లమీద పెట్టి, తెల్లగుడ్డ కప్పి, పక్కనే నిలబడింది. కొత్తగా వచ్చిన ఆయన గుడ్డ తీసి, ఒక ముద్ద తిని, ఉప్పు సీసా కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి సీసా దాకా వెళ్లి, పళ్లెం మీదికొచ్చి, రెండుసార్లు విదిలించేదాకా ఆమె చూస్తూనే ఉంది.