రెండు గాట్ల పాటల పెట్టె

మా ఇంటి ఓనరు, నేను పెదనాయన అని పిలిచే మనిషి, పోయిండని ఫోనొచ్చినప్పుడు నేను భద్రాచలం బస్టాండుల టికెట్ మిషన్‌కు కొత్త రోలు ఎక్కిస్తున్న. ఫోను చేసింది వాళ్ల కొడుకు. పొద్దుగాల చాయ తాగిండట, పేపర్ చదివిండట, కుర్చీలనే కండ్లు మూసిండట. ఎనభై రెండేండ్ల మనిషి, మంచం పట్టలే, ఎవరితోని చేయించుకోలే. అదృష్టవంతుడు అని అందరంటరు. అనేటోళ్లకేంది, అంటరు. నా బస్సు అశ్వారావుపేటకే కాబట్టి సెలవు అడిగే పని కూడ పడలే. కండ్లు తుడుచుకుంట, టికెట్లు కొట్టుకుంట, అడివి నడుమ నుంచి నా ట్రిప్పుల నేనే ఆయన కాడికి పోయిన.

ఆయన నాకు చుట్టం కాదు. పదిహేడేండ్ల కింద మా ఆయన, నేను, నా బిడ్డ అశ్వారావుపేటల వాళ్ల పక్క పోర్షన్‌ల కిరాయికి దిగినం. మా ఆయన లారీ డ్రైవరు, నెలకు పది దినాలు కూడ ఇంట్ల ఉండడు. నేను బస్సు కండక్టరును. తెల్లారగట్ల పోయి పొద్దుగూకినంక వచ్చేదాన్ని. మరి బిడ్డ బడి నుంచి వస్తే అన్నం పెట్టిందెవరు? ఓనరమ్మ. అందుకే ఆమె నాకు పెద్దమ్మ అయ్యింది, ఆయన పెదనాయన అయ్యిండు.

పెదనాయన పామాయిల్ ఫ్యాక్టరీల ఫిట్టరుగ చేసి రిటైరైండు. రిటైరైంది ఫ్యాక్టరీ నుంచే గని ఫిట్టరు పని నుంచి కాదు. స్క్రూడ్రైవరు మొన మిషన్‌కు ఆనిచ్చి, పిడి చెవుకు పెట్టుకొని, కండ్లు మూసుకొని వినేటోడు. మేం దిగిన రెండో రోజే నేను పచ్చడి రుబ్బుతుంటే అడగకుండ వంటింట్లకు వచ్చి నా మిక్సీకి గట్లనే చెవి పెట్టిండు. వీడెవడ్రా బాబు అనుకున్న. "లోపల బుష్షు అరిగింది బిడ్డా, ఇంకో నెల నడుస్తది" అన్నడు. సరిగ్గ నెలకే ఆగింది. ఒకపారి బస్టాండుల నిలబడ్డ నా బస్సుకే చెవి పెడితే మా డ్రైవరు కయ్యానికి దిగిండు. వెనక చక్రం బేరింగ్ మూల్గుతున్నది చూపిచ్చుకో అని చెప్పి, కూరగాయల సంచి పట్టుకొని ఈయన ఎల్లిపోయిండు. చూపిస్తే నిజమే. ఆ డ్రైవరు తర్వాత కనబడ్డప్పుడల్ల నమస్తే పెట్టేటోడు.

ఆయన నోట రెండు మాటలు ఎప్పటికీ ఉండేటియి. "బిగిచ్చుడు అందరికొస్తది, ఎక్కడ ఆపాలెనో తెలిస్తేనే ఫిట్టరు." ఇది నేను నా బిడ్డ మీద అరిచినప్పుడు కూడ అనేటోడు. రెండోది, "పాత కొలత రాసుకోకుండ పాత సామాను విప్పొద్దు." ఈ రెండో మాట ఆయనే ఒకపారి తప్పిండు. ఇయ్యాల మీకు చెప్పాలనుకున్నది ఆ కథనే.

పెద్దమ్మ పుట్టిల్లు చండ్రుగొండ దిక్కు. వాళ్ల నాయినకు ఒక గ్రామఫోన్ ఉండె. ఊర్లల్ల దాన్ని పాటల పెట్టె అనేటోళ్లు. కరెంటు అక్కర్లేదు. పక్కనున్న హ్యాండిల్ తిప్పితే లోపల స్ప్రింగు చుట్టుకుంటది. అది విప్పుకుంట పైనున్న నల్ల రికార్డును తిప్పుతది, సూది ఆనిస్తే పాటొస్తది. ఆ తాత పెట్టెను ఎడ్లబండిల పెట్టుకొని పెండ్లిళ్లకు పోయేటోడు. ఆయన కాడ ఉన్న రికార్డులల్ల పేరుబడ్డది ఒక అప్పగింతల పాట. దాని మీద కాయితం ఎప్పుడో అరిగిపోయింది, పాడిందెవరో ఎవరికీ తెల్వదు. అత్తగారింటికి పోయే పిల్లకు బుద్ధులు చెప్పే పాట. అత్తింటి తలుపు కిర్రుమంటే ఉలికిపడకు, నూనె చుక్కేసి మూసుకో అని ఒక చరణం. గొంతేమో బరువుగ, ముసలామె గొంతు లెక్క, నిమ్మలంగ సాగుకుంట వచ్చేది.

పెద్దమ్మ చిన్నప్పుడే ఆ పాటను అచ్చం గట్లనే నేర్చుకున్నది. పెద్దగైనంక పెట్టెతోని పని లేకుండ ఆమెనే పిలిచేటోళ్లు. చండ్రుగొండ నుంచి అశ్వారావుపేట దాంక ఆమె పాడకుండ పిల్ల కారెక్కేది కాదు. ఆమె గొంతెత్తితే పెండ్లికొడుకు తరపోళ్లు కూడ ముక్కు చీదేటోళ్లు. ఆమెను చూసి ఎన్ని ఊర్ల ఆడోళ్లు ఆ పాట నేర్చుకున్నరో లెక్క లేదు. అందరిదీ అదే సాగుడు, అదే ఏడుపు.

తాత పోయినంక పెట్టె ఈ ఇంటికి వచ్చింది. అటక మీద పడి ఉండె. రిటైరైన ఫిట్టరు కంట్ల పడితే ఊకుంటదా? దించిండు. స్ప్రింగు బలం తగ్గి సచ్చువడ్డది, గ్రీజు గట్టిబడి అట్టలు కట్టింది, స్పీడు సరిచేసే మీట తుప్పుకు కరుసుకపోయింది. ఇగ మా పెదనాయనకు పండుగే. ఖమ్మంల పాత సామాన్ల దుకాణంల ఇంకో సచ్చిన పెట్టె దొరికిచ్చుకొని, దాని స్ప్రింగు తీసి దీనికి జోడు కట్టిండు. ఒక్క స్ప్రింగైతే పాట సగానికే అలిసిపోతదట, రెండైతే చివరిదాంక ఒక్క తీరు నడుస్తదట. లోపల స్పీడును పట్టి ఉంచే బిళ్లకు తోలు ముక్క కావాల్నంటే, పెద్దమ్మ వద్దంటున్నా వినకుండ తన తోలు చెప్పునే కోసిండు. వారం రోజులు ఒంటి చెప్పుతోని వాకిట్ల తిరిగిండు. మీటకు స్టీలు చెంచా కాడ అతికిచ్చిండు.

సూదులది ఇంకో ముచ్చట. ఇనుప సూది రికార్డును గీకుతదని వెదురు సూదులు చేస్త అన్నడు. సంతల బుట్టలమ్మే కోయవ్వ కాడికి పోయి బాగా ముదిరిన, ఎండిన వెదురు కావాలె, వేలెడంత చాలు అన్నడు. ఆమె, ఇంత అడివిల నీకు వేలెడంతేనా అని కడుపు పట్టుకొని నవ్వింది. మరుసటి సంతకు నిజంగనే వేలెడంత ముక్క ఆకుల చుట్టి, బంగారం ఇచ్చినట్టు ఆయన చేతుల పెట్టింది. దాన్ని సన్నగ చీల్చి మూడు పలకల మొన చెక్కిండు. నమ్మండి, ఆ వెదురు మొన మీద పాట ఎంత మెత్తగ వచ్చిందో.

కొత్త స్పీడు పెట్టిన రోజు నాకు డ్యూటీ లేదు. రికార్డు కింద ఒక కాయితం చీటీ ఇరికిచ్చిండు. నన్ను గడియారం పట్టుకొమ్మన్నడు, ఆయన తిరుగుళ్లు లెక్కబెట్టిండు. నిమిషానికి డెబ్బై ఎనిమిది రావాలె, కంపెనీ లెక్క అది. వచ్చింది. పెద్దమ్మను పిలిచిండు, పైట చెంగుకు చేతులు తుడుచుకుంట వచ్చి కూసున్నది. సూది పెట్టిండు.

పెట్టెల నుంచి పదహారేండ్ల పిల్ల గొంతొచ్చింది. ముసలామె లేదు, ఏడుపు లేదు. ఆ పిల్ల చకచక పాడుతున్నది, తలుపు కిర్రుమంటే నూనె చుక్కేసుకో అనే కాడ పక్కున నవ్వబోయి ఆపుకున్నట్టున్నది. అది పెండ్లిపిల్లను దోస్తులు ఆటపట్టిచ్చే పాట, పాత స్ప్రింగు నిమ్మలంగ తిప్పబట్టి గొంతు సాగి ఏడుపు లెక్క వినబడేది. ఇన్నేండ్ల సంది ఇన్ని ఊర్లోళ్లం పరాచికానికి ఏడ్చినమన్నట్టు. నాకు నవ్వాగలే. పెదనాయనైతే మొకం ఇంత చేసుకొని, చూసినవా, నూనె సంగతి ఆ పిల్లకు కూడ ఎరుకే అన్నడు.

పెద్దమ్మ నవ్వలే. "అంటే నేను ఇన్నేండ్లు తప్పు పాడిన్నా?" అని అడిగింది.

"అవ్, తప్పే. మిషన్ అబద్ధమాడదు" అన్నడు పెదనాయన.

అన్నడు, అయిపోయింది. ఆమె లేచి వంటింట్లకు పోయింది. ఆ దినం సంది పాడుడు బంద్. పూలు కట్టేటప్పుడు, బియ్యం ఏరేటప్పుడు గొంతుల ఏదో ఒకటి తిరుగుతనే ఉండేది, అది కూడ బంద్. మాఘమాసంల ముగ్గురు వచ్చి పెండ్లికి పిలిచిన్రు. గొంతు బాగలేదని వాపసు పంపింది. ఇంట్ల అన్నం పెడుతున్నది, మాట్లాడుతున్నది, కోపమని కూడ అనరాదు. గని ఆ ఇల్లు సప్పుడు లేకుండ అయింది. గోడకు ఇవతల ఉన్న నాకే గట్ల ఉంటే ఆయనకెట్ల ఉండాలె?

ఆ యేడే నా బిడ్డ పెండ్లి కుదిరింది, వైశాఖంల ముహూర్తం. దానికి అన్నం పెట్టి పెంచిన పెద్దమ్మ పాడకుండ దాన్ని ఎట్ల పంపాలె? పోయి అడిగిన. "తప్పు పాట పాడి నీ బిడ్డను పంపాల్నా?" అన్నది. ఏడ్చినట్టు కాదు, మామూలుగనే అన్నది. నాకు మండింది. పోయి పెదనాయనను కడిగిన. పెద్ద ఫిట్టరువు గద, మిషన్ బాగుచేసి మనిషిని ఖరాబు చేసినవు, ఎక్కడ ఆపాలెనో తెల్వలేదా అని ఎంత మాటొస్తే అంత అన్న.

తెల్లారి నుంచి చూస్తున్న, చెంచా మీటను ఇటు తిప్పుతడు అటు తిప్పుతడు, పాట వింటడు, తల ఊపుతడు. పాత స్పీడు మళ్ల తెద్దామని ఆయన తండ్లాట. గని అది నిమిషానికి ఎన్ని తిరుగుళ్లో ఎవరికెరుక? విప్పకముందు కొలవనేలేదు. నాలుగు దినాలు గట్లనే తిప్పలువడి, ఐదోనాడు పెట్టెను ఎత్తుకొని వంటింట్లకే పోయిండు. నేను పెండ్లి చీరెలు చూపిద్దామని అక్కడనే ఉన్న. పెద్దమ్మ పీట మీద కూసొని బీరకాయ చెక్కు తీస్తున్నది. ఆయన ఆ మోకాళ్ల నొప్పులతోనే కింద కూసున్నడు.

"పాత కొలత రాసుకోలే. నీ గొంతులనే ఉన్నది. నువ్వు పాడితే దీన్ని నీకు సరిపెడత" అన్నడు.

ఆమె బీరకాయ మొత్తం చెక్కింది. ఇంకోటి తీసుకున్నది. దాన్నీ చెక్కింది. నేను చీరెల మూట పట్టుకొని కదలకుండ నిలబడ్డ. తల ఎత్తకుండనే, కత్తిపీట దిక్కు చూసుకుంట, సన్నగ అందుకున్నది. ఆయన మీట జరిపిండు. రికార్డు ముందు ఉరికింది, తర్వాత వెనకబడ్డది. ఆమె ఆపలే, మళ్ల మొదటి నుంచి ఎత్తుకున్నది. మూడో పారికి పెట్టెల గొంతు, ఆమె గొంతు ఒక్కటైనయి. ఏది ఎవరిదో నాకు తెల్వలే. "ఇగో, ఇదే మా నాయిన పెట్టె" అన్నది పెద్దమ్మ. ఆయన జేబుల నుంచి ఆకురాయి తీసి మీట ఆగిన కాడ ఇత్తడి రేకు మీద గీకి గాటు పెట్టిండు. కంపెనీ లెక్క కాడ ఇంకో గాటు పెట్టిండు. ఎవరన్న వచ్చి రెండు గాట్లేంది అంటే, ఒకటి కంపెనీది, ఒకటి మా ఆమెది అనేటోడు. అంతకుమించి చెప్పేటోడు కాదు.

నా బిడ్డ పెండ్లిల పెద్దమ్మ పాడింది. పాట మొత్తం ఏడుపే. అందరికంటె ఎక్కువ ఏడ్చింది పెదనాయన. పరాచికమని తెల్సి కూడ ఎందుకేడ్చినవు అని తర్వాత అడిగితే, పరాచికమైతే అది కంపెనీ గాటు కాడ బిడ్డా అన్నడు.

ఆ తర్వాత పదేండ్లు ఆదివారమాదివారం ఆ ఇంట్ల పాటల పెట్టె మోగింది. ముందు పెద్దమ్మ గాటు, ఇద్దరు కూసొని వినేటోళ్లు. ఆయన మీటను కంపెనీ గాటు దిక్కు జరిపితే మాత్రం ఆమె లేచి పెరట్లకు పోయేది. ఆ పిల్ల నవ్వు నాకెందుకు, నువ్వే విను అనేది. ఆయన ఒక్కడే కూసొని, తల ఊపుకుంట, ఆ పిల్లతోని కలిసి నవ్వుకునేటోడు.

నేను బస్సు దిగి పోయేసరికి వాకిట్ల టెంటు వేసిన్రు. డప్పులోళ్లు గేటు కాడ నిలబడ్డరు. ఎత్తే యాళ్లయింది. పెద్దమ్మ నన్ను చూసి, పాటల పెట్టె పట్టుకరా అన్నది. చావింట్ల పెండ్లి పాట ఏందని ఒక పెద్దమనిషి గొణిగిండు. ఆమె అతని దిక్కు కూడ చూడలే. తెచ్చి పెదనాయన తలకాడ పెట్టిన, హ్యాండిల్ తిప్పిన, మీటను ఆమె గాటు కాడ పెట్టిన. పెద్దమ్మ చెయ్యి చాపి మీటను ఆ రెండో గాటుకు, కంపెనీ గాటుకు జరిపింది.

"ఇయ్యాల ఆయన లెక్కన పాడత" అన్నది.

ఎప్పుడు నేర్చుకున్నదో నాకు తెల్వదు. పెరట్ల నిలబడి పదేండ్లు విన్నదేమో. పెట్టెల పిల్ల చకచక పోతుంటే, డెబ్బై ఏడేండ్ల పెద్దమ్మ ఆ పిల్ల పక్కనే ఒక్క మాట తప్పకుండ పోతున్నది. నూనె చుక్క కాడ ఆ పిల్ల నవ్వినట్టే నవ్వింది కూడ. ఏడ్వడానికి వచ్చినోళ్లకు ఏడ్వాల్నో నవ్వాల్నో సమజ్ కాలే. డప్పులోళ్లల్ల ఒకడు వేళ్లతోని మెల్లగ తాళం వేసుడు మొదలువెట్టిండు. ఆఖరి చరణం సగంల పెద్దమ్మకు ఊపిరందలే. ఆగింది. మిషన్ ఆగలే, దానిపాటికి అది ముందుకు పోయింది. ఆమె ఆయన చెయ్యి మీద చెయ్యేసి, గుండెల నిండ ఊపిరి తీసుకొని, ఉరికినట్టే పాడి, పాట అయ్యేలోపల మళ్ల అందుకున్నది.