కౌన్సెలింగు ముగిశాక

ఇంజినీరింగు పిల్లల ఫీజు ప్రభుత్వమే కట్టే పథకం కొత్తగా వచ్చిన రోజులవి. రేపల్లె నుంచి తెనాలి వెళ్లే ప్యాసింజరులో నా ఎదుట ఒక తండ్రీ కూతురూ కూర్చున్నారు. ఆయనది అడవులదీవి, చేపల వేట. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతానని తెలిసి, నిద్రపోతున్న కూతురిని మురిపెంగా చూపించాడు.

"మా పాపకి ఎంసెట్‌లో మంచి ర్యాంకండి. కాలేజీలో చేర్చేశాం. ఫీజు గవర్నమెంటే కడద్దంట కదండి?"

"కౌన్సెలింగులో వచ్చిన సీటేనా?"

"అక్కడికి ఎల్లక్కర్లేదన్నాడండి, సీటిప్పించినాయన. ఎట్టయినా ఒకటేనంట."

ఒకటి కాదు. కౌన్సెలింగు లేకుండా కాలేజీ నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంటు సీటుకు ఆ పథకం వర్తించదు. కౌన్సెలింగు అప్పటికే ముగిసిపోయింది. ఆ మాట చెప్పబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నెమ్మదిగా సార్. పాప లేస్తది."

గొంతు తగ్గించి అంతా చెప్పాను.

"ఇప్పుడేం చెయ్యలేమా అండి?"

"ఈ ఏడాదికి ఇంతేనండి" అన్నాను. ఆయన కూతురి మొహం మీద ఎండ పడకుండా కిటికీ తలుపు దించాడు.

తెనాలిలో రైలు ఆగింది. ఆ అమ్మాయి లేచి, తండ్రి చెప్పగా నాకు నమస్కారం పెట్టింది.

"మా కాలేజీ మంచిదేనా సార్?"

ఆయన నా వంకే చూస్తున్నాడు.

"మంచిదేనమ్మా" అన్నాను.