తౌఫీక్ తెచ్చిన సీసా

మా మరిది తౌఫీక్ బాగుండాలని నేను ఏనాడూ మొక్కలేదు, ఇక మీదట మొక్కను కూడా. మా అత్తగారిని సమాధికి తీసుకెళ్ళిన రోజు వాడు చేసిన పని తెలిస్తే మీరూ మొక్కరు.

మా ఆయన నఖ్లే ఇంటికి పెద్దకొడుకు. సోఫాలకూ కుర్చీలకూ గుడ్డ వేసే పని. చేతిలో మంచి పనితనం ఉంది, నోటికి అరక్ అలవాటూ ఉంది, దాచేదేముంది. మా ఊరు జహ్లేలో ద్రాక్షతో ఆ సారా కాచని ఇల్లు తక్కువే, కానీ అందరూ ఈయనలా పొద్దున్నే మొదలుపెట్టరు. ఆ రోజు మాత్రం చుక్క ముట్టలేదు. గడ్డం గీసుకుని, నల్లకోటు తొడుక్కుని, తల్లి శవపేటిక భుజానికెత్తుకోవడానికి కాచుకుని కూర్చున్నాడు.

ఊళ్ళో పెద్దలంతా వస్తున్నారు. తాగుబోతు అన్న పక్కన నిలబడితే తన పరువు పోతుందని తౌఫీక్ బెంగ. ఒక సీసా పట్టుకుని అన్నని వెనకగదిలోకి తీసుకెళ్ళి, "తాగు అన్నా, దుఃఖం తగ్గుతుంది" అన్నాడట. నేను ఆడవాళ్ళ మధ్య ఉన్నాను. ఈయన కనబడక అడిగితే, "అన్న ముందే చర్చికి వెళ్ళాడు వదినా" అన్నాడు, కన్నార్పకుండా. నఖ్లేకి తెలివొచ్చేసరికి తలుపుకి బయట గడియ పెట్టి ఉంది. తల్లి మట్టిలో ఉంది.

"మా అమ్మని మొయ్యలేదే వదాద్" అని నాతో అంటూ గోడకేసి తల బాదుకున్నాడు. ఆ తర్వాత తాగుడు ఇంకా ముదిరింది. ఆయన ఏడ్చినప్పుడల్లా నాకు కసి పెరిగేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఇలా ఏడుస్తూ కూర్చుంటావా, వాడికి బుద్ధి చెప్తావా?"

"ఏం చెప్పను? ఎలా చెప్పను?"

"అత్తయ్య ఏడాది పూజకి చర్చి హాలు గుమ్మం దగ్గర, పలకరింపుకొచ్చేవాళ్ళ చేతులందుకునే వరసలో మొదటి చోట నిలబడు. పెద్దకొడుకు చోటు అది. తాగకుండా, ఒళ్ళు తెలిసి నిలబడు. వాణ్ణి రెండో చోటుకి నెట్టు."

ఆయన కళ్ళలో చాలా కాలానికి వెలుగు చూశాను. కానీ మానగలిగితే ఎప్పుడో మానేవాడు కదా. ఫాదర్‌ని అడిగితే ప్రసంగం చెప్పాడు. డాక్టరు మాత్రలు రాశాడు. చివరికి మందులిచ్చే సిస్టర్ గొంతు తగ్గించి చెప్పింది: "తాగుడు మానాలనుకునేవాళ్ళు మంగళవారం సాయంత్రం కొండ మీది చర్చి హాల్లో కూర్చుంటారమ్మా. బోర్డు ఉండదు. పేరు తప్ప ఏమీ అడగరు."

ఎక్కడికో చెప్పకుండా ఈడ్చుకెళ్ళాను. ఆయన్ని లోపలికి తోసి, నేను గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్నాను. హాల్లో గోడల వెంట కుర్చీలు, వాటిలో తలలు వంచుకున్న మనుషులు, బల్ల మీద చక్కెర లేని కాఫీ. మా వైపు ఇవన్నీ ఒకచోట కనబడితే ఎవరైనా ఏమనుకుంటారు? చావు పలకరింపు అనుకుంటారు. నఖ్లే కూడా అదే అనుకున్నాడు. ఎవరు పోయారో తెలియదు, అలాగని వెనుదిరగడం మర్యాద కాదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి పట్టుకుని, "పోయినోళ్ళ ఆయుష్షు మీరు పోసుకోవాలి" అంటూ హాలంతా తిరిగాడు. ఒక్కరూ నవ్వలేదు. నేనే బయట నోట్లో రుమాలు కుక్కుకున్నాను.

కూర్చుని కాఫీ అందుకున్నాక పక్కనున్న ముసలాయన్ని మెల్లగా అడిగాడు, "పోయిందెవరండీ?"

ఆయన పేరు షుక్రీ, ఒకప్పుడు లారీ తోలేవాడు. "ఇక్కడ ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్కళ్ళు పోయారు నాయనా. నీకెవరు?"

నఖ్లే కప్పు కింద పెట్టాడు. "మా అమ్మ" అన్నాడు. "నేను మొయ్యలేదు." ఇక ఆగలేదు. సీసా, గడియ, తమ్ముడు, అన్నీ బయటపడ్డాయి. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు, నీతులు చెప్పలేదు. చివర్న షుక్రీ, "మళ్ళీ మంగళవారం రా" అన్నాడు, అంతే.

దారిలో ఈయన నా మీద విరుచుకుపడ్డాడు. "పలకరింపు కాదని ముందే చెప్పొచ్చుగా, నవ్వులపాలు చేశావు."

"చెప్తే లోపలికి అడుగు పెట్టేవాడివా?"

మంగళవారాలు మానలేదు. మధ్యలో ఒకసారి జారాడు, షుక్రీ వచ్చి పక్కన కూర్చుని మళ్ళీ లేపాడు. "తమ్ముడి మీద పగ కూడా వదిలెయ్యాలా?" అని ఈయన అడిగితే, "ముందు సీసా వదులు. పగ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ మాటతో ఆ ముసలాయన నాకు నచ్చేశాడు.

ఏడాది పూజ రోజు పొద్దున్నే తౌఫీక్ మా ఇంటికి ఊడిపడ్డాడు. చేతిలో కాగితం చుట్టిన సీసా. "ఈరోజు తట్టుకోలేవు అన్నా. కాస్త తాగు, దుఃఖం తగ్గుతుంది. గుమ్మం దగ్గర నేను చూసుకుంటాలే."

నా చెయ్యి చెప్పు మీదికి పోయింది. నఖ్లే కళ్ళతోనే వారించాడు. సీసా అందుకున్నాడు. దాని మెడ చుట్టూ వేళ్ళు బిగుసుకున్నాయి, గుటక మింగడం చూశాను. ఇంత కష్టమూ ఇక్కడే తగలబడుతుందనుకున్నాను. "సరే తమ్ముడూ" అని దాన్ని కోటు లోపల పెట్టుకున్నాడు.

పూజ అయ్యాక హాలు గుమ్మం దగ్గర బల్ల మీద, మా అత్తగారి ఫోటో పక్కన, కాఫీ కప్పుల మధ్య ఆ సీసాను మూత తియ్యకుండా నిలబెట్టాడు. వెళ్ళి మొదటి చోట నిలబడ్డాడు. చెయ్యి కలపడానికి వచ్చినవాళ్ళ చూపు ముందు దాని మీదే పడింది.

"ఇదేంటి నఖ్లే?"

"తమ్ముడు తెచ్చాడండీ, దుఃఖం తగ్గుతుందని. అమ్మని తీసుకెళ్ళిన రోజు కూడా తెచ్చాడు. తాగించి, తలుపు గడియ పెట్టి వెళ్ళాడు."

గొంతు పెంచకుండా, అడిగిన ప్రతివాళ్ళకీ అదే మాట. ఆ మాట విన్న చెవులతోనే వాళ్ళు పక్కనున్న తౌఫీక్ దగ్గరికి వెళ్ళాలి. వాడి చేతిలో ఎవరి చెయ్యీ నిలవలేదు. అది చూస్తుంటే నా కడుపు నిండిపోయింది.

ఇంతలో మంగళవారం మనుషులు వరసగా వచ్చారు. ముందు షుక్రీ. నఖ్లే చేతిని రెండు చేతులతో పట్టుకుని, "పోయినోళ్ళ ఆయుష్షు మీరు పోసుకోవాలి" అన్నాడు. వెనకవాళ్ళూ అదే అన్నారు. నఖ్లే కన్నీళ్ళు తుడుచుకోలేదు.

"వీళ్ళెవరు అన్నా?" తౌఫీక్ గుసగుసలాడాడు.

"నీ సీసా తెచ్చిపెట్టిన చుట్టాలు."

హాలు ఖాళీ అయ్యేసరికి తౌఫీక్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీలో కూలబడి, "నలుగురిలో తలెత్తుకోకుండా చేశావు కదన్నా" అన్నాడు. ఏడుస్తున్నాడు.

నఖ్లే బల్ల దగ్గరికి వెళ్ళాడు. చేదు కాఫీ ఒక కప్పులో పోసి తెచ్చి, తమ్ముడి చేతిలో పెట్టాడు.

"తాగు" అన్నాడు. "దుఃఖం తగ్గుతుంది."