బొమ్మకు చీర కట్టిన పాపానికి

ఫోన్లో చలానా వచ్చినప్పుడు నాన్న ముందు నవ్వాడు. తెనాలిలో కెమెరా తీసిన ఫోటో అది. స్కూటరు నేను నడుపుతున్నాను, వెనక చివర నాన్న, మా ఇద్దరి మధ్య చీర కట్టుకుని మా బట్టల షాపు బొమ్మ. ఒకే బండి మీద ముగ్గురు, అందులో ఒకరికి హెల్మెట్ లేదు, అని రాశారు. బండి షాపు పేరు మీద ఉంది కాబట్టి చలానాలో కూడా షాపు పేరే ఉంది. అది చూశాక నాన్న నవ్వు ఆగిపోయింది.

"కోర్టుకెళ్దాం. షాపుకి మచ్చ రాకూడదమ్మా," అన్నాడు.

అప్పటికే తెనాలిలో ఆ షాపు మూతపడింది. కొనేవాళ్ళు రాక మూతపడిందని నాన్న ఎవరికీ చెప్పుకోలేదు. అడిగిన వాళ్ళందరికీ రంగులు వేయిస్తున్నామని చెబుతూ వచ్చాడు. బొమ్మని రేపల్లెలో ఇంటికి చేర్చడానికి ఆటో మాట్లాడదామన్నాను. ఊరంతా తెలిసిపోతుందని వద్దన్నాడు. అందుకే బాపట్ల నుంచి నన్ను పిలిపించుకుని, తెల్లవారుతూనే బయలుదేరదీశాడు. బొమ్మ కాళ్ళు ఊడదీసి సంచిలో పెట్టాం. మిగతాదానికి దుప్పటి చుట్టబోతే ఊరుకోలేదు.

"ఆడమనిషిని ఊళ్ళోంచి అలాగేనా తీసుకెళ్ళేది?" అని చీరాల చీర ఒకటి చుట్టి, పైట సర్ది మరీ కూర్చోబెట్టాడు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఆయన్ని అని ఏం లాభం, నాకూ అది మనిషి కిందే లెక్క. బడి నుంచి వచ్చి దాని పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. చీరాల నుంచి కొత్త సరుకు దిగిన రోజు నాన్న మొదటి చీర దానికే కట్టేవాడు. పిన్నులు నోట్లో పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు సర్దుతూ, కళ్ళతోనే "ఎలా ఉంది?" అని నన్నడిగేవాడు. షాపంతా గంజి వాసన. ఆ సాయంత్రాలు మళ్ళీ రమ్మంటే వస్తాయా? ఇప్పటికీ కొత్త చీర మడత విప్పితే నాకు ప్రాణం అక్కడికే పోతుంది.

కోర్టుకి మాత్రం బొమ్మని ఆటోలోనే తీసుకెళ్ళాం. వరండాలో బెంచీ మీద పెడితే, అక్కడ కూర్చున్న ఒకావిడ కాస్త జరిగి చోటిచ్చింది. లోపల మేజిస్ట్రేటు మేడం ఫోటో చూసి, బొమ్మని చూసి, నవ్వు ఆపుకున్నారు.

"ఆ రోజు దీన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారండి?"

"రిపేరుకండి. షాపుకి రంగులు వేయిస్తున్నాం," అన్నాడు నాన్న నా వైపు చూడకుండా.

ఆవిడ అనుమానపడలేదు. చలానా కొట్టేస్తున్నామని చెప్పి, "ఇక వెళ్ళి షాపు చూసుకోండి పెద్దాయనా," అన్నారు.

అంత మంచిగా అన్నా నాన్న కదల్లేదు. బొమ్మ భుజం మీద జారిన పైట సర్దుతూ నిలబడ్డాడు.

"షాపు లేదండి మేడం. మూసేశాం. ఆ రోజు దీన్ని ఇంటికే తీసుకెళ్తున్నామండి."

ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆయన నోట "లేదు" అన్న మాట నేను వినలేదు. కొట్లో ఆ మాట అనకూడదు, అశుభం. అడిగిన రంగు లేకపోతే "వచ్చే వారం వస్తుందమ్మా" అనేవాడు. కేసు మేమే గెలిచాం. బొమ్మని చంకనెత్తుకుని తలొంచుకుని నడుస్తున్న నాన్న వెనక నేను ఏడుస్తూ బయటికొచ్చాను.