మావయ్య ఉప్పుకొట్టులో నా వాణిజ్య విద్య

చదువుకున్న కుర్రాడంటే గుమాస్తా కావాలి, కాకపోతే ప్లీడరు కావాలి అని మా రాయగడంతా నమ్మిన రోజులవి. అలాంటప్పుడు సముద్రం ఒడ్డున ఉన్న విశ్వవిద్యాలయంవారు వ్యాపారం నేర్పే కొత్త శాఖ తెరిచారు. ఉన్నవి రెండు పెంకుటి గదులు, నాలుగు టైపు మిషన్లు. పాఠాల పట్టిక మాత్రం బారెడు: బ్యాంకుల పద్ధతులు, వర్తక చట్టం, ప్రకటనలు, అమ్మకపు మెలకువలు. "యాపారం సేస్తారు గానీ సదూతారేటిరా?" అంటూనే మా మావయ్య నన్ను చేర్పించాడు. (తండ్రి లేని నన్ను పెంచింది ఆయనే.) మొదటి ఏడాది పూర్తయ్యేసరికి నాకు తెలియనిది లోకంలో లేదని నాకు రూఢి అయిపోయింది.

వేసవి సెలవుల్లో ఒక సంతరోజున మావయ్య కొట్టు నాకప్పగించి, పొద్దున్న రైలుకి పార్వతీపురం వెళ్లాడు. కొండవాళ్లు పసుపు తెచ్చి, బదులుగా ఉప్పు పట్టుకెళ్లేవారు. కొలిచాక మావయ్య ప్రతివారికీ ఇంటి మంచిచెడ్డలడుగుతూ గుప్పెడు కొసరు వేసేవాడు. నా దృష్టిలో అది శుద్ధ దుబారా. అందుకని కొలత తవ్వ నిండా ఉప్పు పోసి, పైన కర్రతో సమంగా గీసి, గింజ ఎక్కువ కాకుండా ఇచ్చాను. మొదట వచ్చిన ముసలమ్మ ఒడి పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇంకేటి కావాలి?" అన్నాను కాస్త దర్జాగా.

ఆవిడ నా మొహంలోకి చూసి, "బాబూ, మీ మావ సచ్చిపోనాడేటి?" అంది.

నా నోట మాట రాలేదు. ఆ మౌనమే కొంప ముంచింది. ముసలమ్మ గుండెలు బాదుకుంది. అరగంటలో సంతంతా కొట్టు ముందు చేరి గొల్లుమంది. "లేదు, బతికే ఉన్నాడు!" అని నేనెంత అరిచినా, పాపం దుఃఖంతో మతి చలించిందనుకుని నన్నే ఓదార్చారు. మధ్యాహ్నం రైలు దిగి వచ్చిన మావయ్య ఆ జనాన్ని చూసి నిర్ఘాంతపోయాడు. "నానెప్పుడు సచ్చిపోనానర్రా?" అని, తను బతికే ఉన్నట్టు నమ్మించడానికి అందరికీ రెండేసి గుప్పెళ్లు కొసరు వేశాడు.

నా చదువు ఇక అటకెక్కినట్టేననుకున్నాను. సెలవులైపోగానే మావయ్యే నన్ను రైలెక్కించాడు. "సగం సదువుకే నన్ను సంపీసినావు. మొత్తం సదివితే బతికిస్తావేమో, ఎల్లు!" అన్నాడు.

మొత్తం చదివాను. ఆ శాఖలోనే పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మావయ్య నిజంగా పోయిన రోజున కొండల మీంచి దిగి వచ్చిన జనాన్ని చూశాక, తవ్వ మీద కర్ర గీస్తున్న ఆ వెర్రి కుర్రాడు గుర్తొచ్చి, ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేశాను.