బీదర్ బస్సుల ఒకడు ఎక్కువ

జెర చాయ్ గ్లాసులు కింద పెట్టుండ్రి, నవ్వొచ్చి మీద పోసుకుంటరు. మొన్న ఆదివారం నేను బీదర్ పోయొచ్చిన. పోదామని పోలే. ఎవరో తెల్వనోళ్ల ఎంట పోయిన. నేనెవరో వాళ్లకు కూడ తెల్వది. పోయేటప్పుడు సైకిల్ మీద పోయిన, వచ్చేటప్పుడు బస్సుల డ్రైవర్ పక్కన బానెట్ మీద కూసోని వచ్చిన.

ఎట్లంటరా? మొదటి సంది చెప్త, ఇనుండ్రి.

నా సంగతి మీకెర్కే. బొల్లారంల మందుల కంపెనీ, సి బ్లాకుల షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. మా సునీత నిజామాబాద్‌ల టీచర్, బిడ్డ ఆమె దగ్గర్నే సదువుతది. నేను పటాన్‌చెరుల కిరాయి రూముల ఉంట. నా వీక్లీ ఆఫ్ ఏమో బుధవారం. బుధవారం నాడు లోకంల ఎవ్వనికి సెలవుండదు! సునీతకు ఫోన్ కొడితే క్లాసుల ఉన్న అంటది. దోస్తులందరు డ్యూటీల. పొద్దంత ఫ్యాన్ దిక్కు చూసుకుంట పండుడే. ఒక బుధవారమైతే పొద్దుగూకేదాక నా నోట్లెకెళ్లి వచ్చిన మాట ఒక్కటే, పాలపాకెట్ దుకాణం కాడ "ఒకటియ్యి" అని. ఒంటరిగ ఉండుడు అలవాటైతది అంటరు గని, నాకైతే కాలే.

అందుకే సైకిల్ కొన్న. వంగిన హ్యాండిల్, సన్న టైర్లు, జోర్‌దార్ ఉంటది. వాట్సాప్‌ల ఒక సైకిల్ గ్రూపుల చేరిన. వాళ్లు ఆదివారం ఆదివారం రైడ్‌కు పోతరు. ఒకసారి నర్సాపూర్ అడివి, ఒకసారి హత్నూర దిక్కు. పోయినంక రూటు, ఫోటోలు గ్రూపుల పెడతరు. బుధవారం అదే రూట్ల నేను ఒక్కన్నే పోత. వాళ్లు చాయ్ తాగిన హోటల్లనే తాగుత. వాళ్లు ఫోటో దిగిన కాడనే నా సైకిల్ నిలవెట్టి ఫోటో కొట్టి గ్రూపుల పెడత. రెండు బొటనవేలి బొమ్మలు వస్తయి, అంతే. గుమ్మడిదల కాడి కుక్కలకు మాత్రం నేనంటే పానం. గుంపు పోతే లేవనే లేవవట, నన్ను మాత్రం ఊరు దాటేదాక సాగనంపుతయి.

గ్రూపోళ్ల జెర్సీ కూడ తెప్పించుకున్న, చిలకపచ్చది. ఎనిమిది నెలలు అది తొడుక్కొని ఒక్కన్నే తిరిగిన. గ్రూపుల ఒక్కని మొఖం గూడ ఎదురుంగ చూసింది లేదు.

పోయిన వారం మెసేజ్ వచ్చింది. ఆదివారం గుట్టల రూట్, సదాశివపేట దాటి కోహీర్ దిక్కు, పొద్దున్నే సంగారెడ్డి చౌరస్తా కాడ కలుద్దామని. ఇగ నాతోని కాలే. మా షిఫ్ట్ యాదగిరిని బతిమాలి ఆఫ్ మార్చుకున్న. ఏం పనన్నా అని అడిగిండు. "దోస్తులతోని పోతున్న" అన్న. ఆ మాట నోట్లెకెళ్లి వస్తుంటేనే పానం లేచొచ్చింది. అందరికి పంచుదామని డజన్ అరటిపండ్లు కొని బ్యాగుల పెట్టుకున్న.

ఆదివారం అందరికంటె ముందుగాల పోయి చౌరస్తాల నిలవడ్డ. కొంచెం సేపటికి పటాన్‌చెరు దిక్కుకెళ్లి చిలకపచ్చ గుంపు రానే వచ్చింది. నాకోసం ఆగుతరనుకున్న. ఆగలే. ఒకాయన చెయ్యి ఊపుకుంట పోయిండు. పరేషాన్ అయి ఎంటబడ్డ. హెల్మెట్లు, నల్లద్దాలు, మూతులకు గుడ్డలు... ఎవరిని గుర్తువట్టేది? చూసింది జెర్సీనే. అందరియి నా అసోంటియే.

అబ్బ, గుంపుల తొక్కుడు ఎంత సుఖముంటదే! ఎదురుగాలి ముందటోడే మోస్తడు. గుంత వస్తే ముందటోడు చెయ్యి చూపెడతడు, లారీ వస్తే ఎనకటోడు అరుస్తడు. ఇన్నొద్దులు రోడ్డంత నేనొక్కన్నే చూసుకున్న గదా, ఆ రోజు నాకోసం ఇంకొకడు చూస్తుండు.

సదాశివపేట దాటి, హైవే ఇడిసిపెట్టి లోపలి రోడ్డు వట్టినం. ఎర్రమట్టి చెలకలు, జామతోటలు, ఎక్కుడు దిగుడు. ఒక గుట్ట కాడ నా పని అయిపోయింది. కాళ్లు తిరుగుతలేవు. దిగుదామనుకుంటుంటే ఎనకకెళ్లి ఎవరో నడుము మీద చెయ్యేసి మెల్లగ నెట్టవట్టిండు. నేను తిరిగి చూడలే. చూస్తే చెయ్యి తీస్తడేమో అని భయం. గట్లనే గుట్ట మీదికొచ్చిన.

కోహీర్‌ల చాయ్‌కి ఆగినం. నన్ను నెట్టినాయన వచ్చి పక్కన కూసున్నడు. పేరు ప్రసాద్, బ్యాంకుల పనిచేస్తడట. పల్లీల పొట్లం ఇప్పి నా చేతుల సగం పోసిండు. ఏ బ్లాక్ అని అడిగిండు. నా డ్యూటీ సంగతి అనుకొని సి బ్లాక్ అన్న. తనది బి బ్లాక్ అని, లిఫ్ట్ మల్ల ఖరాబైందని, మీది నడుస్తుందా అని అడిగిండు. మా ప్లాంట్ల డ్రమ్ములెక్కించే లిఫ్ట్ యాదికొచ్చి, నడుస్తున్నది అన్న. తర్వాత ఆయన వాచ్‌మెన్ గురించి, ఈత కొలను గురించి, చందానగర్ ట్రాఫిక్ గురించి చెప్పుకుంట పోయిండు. పల్లీ గింజ నా గొంతుల ఇరికింది. మందుల కంపెనీల ఈత కొలను ఏంది? వీళ్లంత ఒక్క అపార్ట్‌మెంటోళ్లు, జెర్సీ రంగొక్కటే కలిసింది! నా గ్రూప్ కాదు! నా గ్రూప్ ఎనక చౌరస్తా కాడనే ఉన్నది.

ఆడనే చెప్పాలె గదా? చెప్పలే. ప్రసాద్ ఇంకిన్ని పల్లీలు పోసిండు. ఎట్లయినా ఎనకకు మర్లుతరు గదా, సంగారెడ్డి రాంగనే సప్పుడు జెయ్యక దిగిపోదామనుకున్న.

వాళ్లు మర్లలే. జహీరాబాద్ వచ్చింది, పోయింది. ఎండ ముదిరింది. ఇంక జెర దూరం పోయినంక ఒక బోర్డు కనవడ్డది. అక్షరాలు మనయే లెక్క ఉన్నయి, సదువుదామంటే సాగుతలేదు. ఖతం, ఎండదెబ్బ తాకింది, కండ్లు పోయినయి అనుకున్న. ఇంకో బోర్డు చూసిన, గదీ అంతే. అప్పుడు ప్రసాద్ ఖుషీగ చెప్పిండు, కర్ణాటక వచ్చేసింది, ఇగ బీదరే, ఆడ మన బస్సు నిలవడ్డది అని. ఏం బస్సు అన్న. వచ్చేటప్పుడు తొక్కుడు, పోయేటప్పుడు బస్సుల పండుకొని పోవుడు అన్నడు. నేనైతే అంత దూరం ఎనకకు తొక్కలేను. కాళ్లు అప్పటికే నా మాట ఇంటలేవు.

బీదర్‌ల మినీ బస్సు రెడీగ ఉన్నది. వాళ్ల లీడర్ సుభద్ర గారని అరవై దాటిన మేడం. వాళ్లాయనకు ఫ్యాక్టరీల నౌకరి దొరికి ఎప్పుడో కాకినాడ నుంచి వచ్చి ఈడనే స్థిరపడ్డరట. మెడల విజిల్ ఏసుకొని ఉంటది, ఆమె ఊదితే మొగోళ్లు గూడ లైన్ల నిలవడతరు. సీట్లు పందొమ్మిది, మనుషులు పందొమ్మిది. ఆమె లెక్కవెట్టింది. ఇరవై వచ్చింది. మల్ల లెక్కవెట్టింది. ఇరవయ్యే. బి బ్లాకోళ్లు నన్ను సి బ్లాక్ అనుకున్నరు, సి బ్లాకోళ్లు కొత్తగ కిరాయికొచ్చినోడు అనుకున్నరు. ఎవ్వరికి అనుమానం రాలే. మేడం విసిగిపోయి, నిదానంగ కనిపిస్తున్నరు మీరు లెక్కవెట్టండి అని నన్నే పిలిచింది!

లెక్కవెట్టిన. పందొమ్మిది వచ్చింది. అందరు హమ్మయ్య అన్నరు.

నా బిడ్డ మీద ఒట్టు, మోసం చెయ్యలే. ప్లాంట్ల మాక్ డ్రిల్ అని ఉత్తుత్తి ప్రమాదం సైరన్ మోగితే, అందరు బయటికొచ్చి జమయ్యే అసెంబ్లీ పాయింట్ కాడ నా షిఫ్టోళ్లను నేనే లెక్కవెడత. లెక్కవెట్టెటోడు ఆ లెక్కల ఉండడు, మా దగ్గర గదే పద్ధతి. ఇన్నేండ్లల్ల నన్ను నేను ఎన్నడు లెక్కవెట్టుకోలే. చెయ్యి దానంతట అదే గట్ల పోయింది.

అందరు ఎక్కి కూసున్నరు. నేను ఆఖరికి ఎక్కి చూస్తే ఒక్క సీటు లేదు. బస్సు మీద నుంచి డ్రైవర్ మొత్తుకుంటుండు, సైకిళ్లు కట్టుడైంది, కింద ఒకటి మిగిలింది, గదెవరిదని. అందరు కిటికీలకెళ్లి తొంగి చూసిండ్రు. నా సైకిల్ ఒక్కటే గోడకు ఆనుకొని ఉన్నది.

మేడం నా దిక్కు తిరిగి, పెండ్లిల అడిగినట్టు అడిగింది. "మీరెవరి తాలూకండీ?"

"ఎవరి తాలూకు కాదు మేడం" అన్న. మొత్తం చెప్పిన. బుధవారం ఆఫ్ సంగతి, జెర్సీ సంగతి, చౌరస్తా సంగతి.

"మరి కోహీర్‌లోనే తెలిసిందంటున్నారు. అక్కడే ఒక్క ముక్క చెప్పకూడదుటండీ?"

"చెప్తే పొమ్మంటరేమో అని చెప్పలే."

బస్సుల ఎవ్వరు నవ్వలే. నవ్వితే బాగుండునని నాకే అనిపించింది. మేడం విజిల్ ఊది, డ్రైవర్‌ను కిందికి దిగమన్నది. నా సైకిల్ చక్రాలు ఇప్పి సీట్ల నడుమ పండవెట్టిండ్రు. నన్ను బానెట్ మీద కూసోవెట్టిండ్రు. కింద ఇంజన్ వేడి, నేను తొడుక్కున్నది మెత్త కుట్టిన సైకిల్ చెడ్డి. ఇగ నా బాధ మీరే అర్థం చేసుకోండ్రి. బ్యాగుల అరటిపండ్లు సగం పిసికిపోయినయి, అయినా పంచిన. సగం సగం తుంచుకొని తిన్నరు.

మన దిక్కు వచ్చినంక ఫోన్ తీసిన. మా గ్రూపుల ఫోటో ఉన్నది, కోహీర్ గుట్ట మీద చిలకపచ్చ జెర్సీలు. కింద రాసిండ్రు, ఈసారి ఫుల్ అటెండెన్స్ అని. నేను రాలేదని ఎవ్వరు అడగలే. వాళ్లకు నేను లేకున్నా లెక్క సరిపోయింది. నిజం చెప్తున్న, మనసు చివుక్కుమన్నది. పక్క నుంచి ప్రసాద్ తొంగి చూసి, నా భుజం మీద ఒకటేసిండు. "మాకైతే నువ్వు ఎక్కువైనవ్ పో" అన్నడు.

వచ్చే ఆదివారం అనంతగిరికి రమ్మన్నది మేడం. మేడం, నాకు ఆఫ్ బుధవారం అన్న. అప్పుడు మాత్రం బస్సంత నవ్విండ్రు. సంగారెడ్డి చౌరస్తాల నన్ను దించే ముందు ఆమె మల్ల లెక్కవెట్టింది, నా నెత్తి మీద గూడ వేలు పెట్టి. "ఇరవై. సరిపోయింది" అన్నది. బస్సు పోయింది. చౌరస్తాల ఒక్కన్నే కూసోని చక్రాలు బిగించుకున్న. పొద్దుగాల గుంపు కోసం చూసిన జాగనే అది.

కథ గాడికి అయిపోయిందనుకుంటున్నరా? అయిపోలే. సోమవారం డ్యూటీ ఎక్కిన్నో లేదో, మాక్ డ్రిల్ సైరన్ కొట్టిండ్రు. అసెంబ్లీ పాయింట్ కాడ నా వాళ్లను లెక్కవెట్టి చెప్పిన. రిజిస్టర్ల ఉన్నదానికంటె ఒకటి ఎక్కువొచ్చింది! సేఫ్టీ ఆఫీసర్‌కు చెమటలు. బయటోడు ఎవడో ప్లాంట్లకు జొరవడ్డడని గేట్లు మూసిండ్రు, అన్ని బ్లాకులోళ్లను మండుటెండల నిలవెట్టి, ఒక్కొక్కని కార్డు చూడవట్టిండ్రు. అప్పటికిగాని నాకు అర్థం కాలే. మెల్లగ ఆయన దగ్గరికి పోయి, ఆ ఎక్కువైనోడు నాకు తెల్సు సార్ అన్న.

"ఎవడయ్యా వాడు?"

"నేనే సార్."